షుగరున్నవారి వంటింట్లో మెంతులు, కాకర, రాగి: ఎంత, ఎలా, ఎవరికి వద్దు

షుగరుకు ఏం తింటే మంచిదని రాయగడ సంతలోనో గుణుపురం సంతలోనో అడిగితే చేదుగా ఉన్న ప్రతి ఆకూ మందేనంటారు. ఎంత తినాలి, ఎలా వండాలి, ఏ మాత్ర వేసుకునేవాళ్లు దూరంగా ఉండాలి అంటే మాత్రం జవాబు దొరకదు. దక్షిణ ఒడిశాలో కొరాపుట్, జయపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు మన తెలుగు ఇళ్లలో రోజూ చేతికందే వాటిలో నిజంగా పనికొచ్చేవి ఏవి, వాటి కొలతలేమిటి, ఎక్కడ తేడా కొడుతుంది అన్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందే ఒక మాట. వీటిలో ఏదీ మాత్రకు బదులు కాదు. మెంతులైనా కాకరైనా బాగా పనిచేసినప్పుడు కూడా చేసేది కొంత సాయమే. టైప్ 1, అంటే శరీరం ఇన్సులిన్ తయారుచేయని రకం షుగరు ఉన్నవాళ్లు ఆకు రసాన్ని నమ్మి ఇన్సులిన్ మానేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదకు వస్తుంది. చక్కెర తగ్గుతున్నట్టు మీటరులో వరసగా కనిపిస్తే ఆ అంకెలు డాక్టరుకు చూపించండి. మాత్ర తగ్గించాలా వద్దా అన్నది ఆయన తేల్చాలి.

మొదట మాత్రల అట్ట చదవండి

అట్ట వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. కళ్లు ఆనకపోతే పిల్లల చేత చదివించుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంటే కాస్త నిశ్చింత, అది తనంతట తాను చక్కెరను ప్రమాదకరంగా పడగొట్టడం అరుదు. గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అన్న పేర్లుంటే, లేదా మీరు ఇన్సులిన్ తీసుకుంటుంటే సంగతి వేరు. ఈ మాత్రలు మీరు తిన్నా తినకపోయినా శరీరం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. దానికి తోడు పరగడుపున కాకర రసం పడితే చక్కెర 70 కిందికి జారిపోవచ్చు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిపి ఉండటం ఇప్పుడు మామూలే కాబట్టి పైన పెద్దగా రాసిన కంపెనీ పేరు చూసి ఊరుకోవద్దు.

వోగ్లిబోస్ లేదా అకార్బోస్ ఉందేమో కూడా చూడండి. ఎందుకో చివర్లో చెబుతాం.

గర్భిణులు ఇక్కడ చెప్పిన రసాలు, పొడులు వాడవద్దు. కూరగా తినే మోతాదు వరకే. ఆపరేషను ఉన్నవాళ్లు పొడులూ రసాలూ రెండు వారాల ముందే ఆపి, వాడుతున్నామన్న సంగతి డాక్టరుకు చెప్పాలి.

మెంతులు

వంటింటి దినుసుల్లో షుగరు మీద బాగా పరిశీలించినవాటిలో మెంతులు ముందుంటాయి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990 ప్రాంతంలోనే మెంతి పొడిని రొట్టెల్లో కలిపి రోగులకు పెట్టి చూశారు. ఆ ప్రయోగాల్లో వాడింది చిటికెడు కాదు, రోజుకు 25 గ్రాముల నుంచి 100 గ్రాముల దాకా. పోపులో వేసే పావు స్పూను మెంతులు రుచికే, షుగరుకు లెక్కలోకి రావు.

మెంతి గింజలో జిగురు పీచు ఉంటుంది. నీళ్లు తగిలితే ఉబ్బి, కడుపులో తిండికి చుట్టుకుని, అన్నంలోని పిండి చక్కెరగా మారి రక్తంలోకి వెళ్లడాన్ని నెమ్మది చేస్తుంది. అందుకే రాత్రి నానబెట్టి, పొద్దున్నే ఆ నీళ్లు మాత్రం తాగి గింజలు పారేసేవాళ్లకు దక్కేది తక్కువ. పీచంతా గింజలోనే ఉండిపోతుంది.

టీ స్పూను నిండా గింజలు తీసుకుంటే సుమారు 4 గ్రాములు. మొదటి వారం రోజుకు ఒక స్పూను, రెండో వారం రెండు, ఒంటికి పడితే మూడు. అంటే 12 గ్రాములు. ఇంట్లో ఇక్కడితో ఆగడం మేలు. ఒక్కసారే 25 గ్రాములు మొదలుపెడితే కడుపు ఉబ్బరం, విరేచనాలు ఖాయం, మూడో రోజుకే మానేస్తారు. రాత్రి అర గ్లాసు నీళ్లలో నానబెట్టి, పొద్దున టిఫినుకు పది నిమిషాల ముందు గింజలు నమిలి తిని, ఆ నీళ్లు తాగండి.

చేదు పడనివాళ్లకు మొలకలు మంచి దారి. రాత్రంతా నానిన మెంతుల్ని నీళ్లు వంచేసి, తడిపి పిండిన నూలుగుడ్డలో మూటగట్టి, గాలాడే చోట వేలాడదీయండి. రోజుకు రెండుసార్లు మూట మీద నీళ్లు చల్లాలి. ఒకటిన్నర రోజుకు చిన్న తోక వస్తుంది, చేదు సగం తగ్గుతుంది. కొండ ప్రాంతంలో వానల్లో గుడ్డ మరీ తడిగా ఉంటే మూట లోపల బంక సాగి పులిసిన వాసన వస్తుంది. అలాంటివి కడిగి వాడదామనుకోవద్దు, పారేయండి.

పొడి చేసుకుంటే సన్న సెగ మీద గింజ బంగారు రంగు తిరిగేదాకానే వేయించాలి. ఎర్రబడిందంటే చేదు రెట్టింపవుతుంది. ఒక స్పూను పొడి గ్లాసు మజ్జిగలో పది నిమిషాలు నాననిచ్చి తాగండి. పొడి పొడిగా నోట్లో వేసుకుని నీళ్లు తాగడం మాత్రం వద్దు, గొంతులో ఉబ్బి పట్టేస్తుంది.

మెంతులు పక్కనున్న మాత్రల్నీ జిగురులో చుట్టేస్తాయి. అందుకని మిగతా మందులకూ మెంతులకూ మధ్య కనీసం గంట రెండు గంటలు, థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు ఎడం ఉంచండి. రక్తం పలచబడే వార్‌ఫరిన్ వేసుకునేవాళ్లు పోపుకు మించి వాడవద్దు. వేరుశనగ పడనివాళ్లకు మెంతులూ పడకపోవచ్చు. ఒళ్లు దురద పెట్టినా, పెదవులు వాచినా వెంటనే ఆపేయాలి. చెమటకూ మూత్రానికీ మెంతి వాసన రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు.

కాకరకాయ

కాకరకాయను ఒడియావాళ్లు కలరా అంటారు. కాకరలో చక్కెరను తగ్గించే గుణమున్న పదార్థాలు ఉన్నమాట నిజం. అయితే ఎంత బలం? థాయిలాండులో 2011లో వెలువడిన ఒక పరిశీలనలో రోజుకు 2 గ్రాముల ఎండు కాకర ఇస్తే కొంత తగ్గింది, కానీ 1 గ్రాము మెట్‌ఫార్మిన్ ఇచ్చినవాళ్లలో తగ్గినంత తగ్గలేదు. కాకరను మంచి కూరగా చూడండి. వారానికి మూడు నాలుగు సార్లు, మనిషికి 125 నుంచి 150 గ్రాములు.

మన ఇళ్లలో కాకరను పాడుచేసేది బెల్లం. బెల్లం పెట్టిన కాకర పులుసులో నిమ్మకాయంత బెల్లం వేస్తే ఆ కూర షుగరున్నవాళ్లకు ఇక పనికిరాదు. నూనెలో ముంచి తీసిన చక్రాలదీ అదే సంగతి. బెల్లం లేకుండా చేదు విరిచే పద్ధతి ఒకటుంది.

నలుగురికి అరకిలో లేత కాయలు తీసుకోండి. పండి పసుపు తిరిగినవి, లోపల గింజ ఎర్రబడినవి వద్దు. పైన గరుకు చెక్కకుండా కడిగి, పావు అంగుళం మందాన చక్రాలు కోసి, ముదురు గింజలు తీసేయండి. అర టీ స్పూను ఉప్పు, పావు టీ స్పూను పసుపు పట్టించి పావుగంట పక్కన పెట్టండి. ఊరిన నీళ్లు వంచేస్తే చాలు. గట్టిగా పిండితే చేదుతో పాటు మనకు కావలసిందీ పోతుంది. మూకుడులో నాలుగు టీ స్పూన్ల నూనె, అంటే మనిషికి ఒకటి, ఆవాలు, జీలకర్ర, రెండు రెబ్బల కరివేపాకు, రెండు ఉల్లిపాయల ముక్కలు. ఉల్లి మెత్తబడ్డాక కాకర వేసి మూతపెట్టి సన్న సెగన పది నిమిషాలు మగ్గనివ్వండి. మూత తీసేటప్పుడు పక్కకు వంచి తీయాలి. మూతకు పట్టిన ఆవిరి నీళ్లు కూరలో కారితే ముక్కలు ముద్దై అడుగంటుతాయి. ఆ తర్వాత మూత లేకుండా మరో పది నిమిషాలు కదుపుతూ వేయించి, రెండు మామిడి ఒరుగు ముక్కలు నానబెట్టి మెత్తగా చిదిమి కలపండి. ఈ వైపు సంతల్లో ఆంబుల పేరుతో అమ్మేవి ఇవే. పులుపు చేదును బాగా కమ్మేస్తుంది. దించేముందు రెండు టేబుల్ స్పూన్ల వేరుశనగ పొడి, కాస్త వెల్లుల్లి కారం. ఇనుప మూకుడైతే పులుపు పడగానే వేరే గిన్నెలోకి తీయండి, లేకపోతే నల్లబడుతుంది.

రసం తాగాలనుకునేవాళ్లు ఒక కాయ, సుమారు 100 గ్రాములు, గింజలన్నీ తీసేసి అర గ్లాసు నీళ్లతో రుబ్బి వడగట్టి, 50 మిల్లీలీటర్లకు మించకుండా, టిఫిను సిద్ధంగా ఉన్నప్పుడే తాగాలి. కడుపునొప్పి, విరేచనాలు వస్తే ఇక మానేయండి. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఇంట్లో మీటరు లేకుండా రసం జోలికి వెళ్లకూడదు.

మన జిల్లాల్లో మరో జాగ్రత్త అవసరం. మలేరియాకు ప్రైమాక్విన్ మాత్రలు వేసుకున్నప్పుడు మూత్రం ముదురు టీ రంగులో వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా? అలాంటివాళ్లకు జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉండే అవకాశముంది. కాకర గింజల్లో ఉండే వైసిన్ అనే పదార్థం వాళ్ల ఎర్ర రక్తకణాల్ని విరగ్గొట్టగలదు. వాళ్లకు రసం వద్దు, గింజలు అసలే వద్దు.

వానాకాలంలో అడవి నుంచి వచ్చే ఆకాకర రుచిలో కాకర కంటే ఎంతో మేలు. ధర ఎక్కువైనా కొని తినదగ్గ కూర. దాన్ని కాకరతో సమానమైన మందుగా మాత్రం అనుకోవద్దు.

సొరకాయ రసం తాగేవాళ్లకు ఒక హెచ్చరిక. ముక్క కొరికి చూసినప్పుడు ఏమాత్రం చేదు తగిలినా ఆ కాయను పారేయండి. చేదు సొర రసం తాగి మనుషులు చనిపోయాక 2011లో భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల సంఘం దీని మీద హెచ్చరించింది. తాగాక వాంతులు, రక్త విరేచనాలు మొదలైతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. చేదంతా షుగరుకు మంచిదే అన్న నమ్మకం ఇక్కడ ప్రాణం తీస్తుంది.

పొడపత్రి, నేరేడు, దాల్చిన, మరికొన్ని

పొడపత్రిని ఒడియాలో గుడమారి అంటారు. ఆకు అసలుదో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. రెండు పచ్చి ఆకుల్ని నిమిషం పాటు నాలుకంతా తగిలేలా నమిలి ఉమ్మేసి, నోరు పుక్కిలించి, చిటికెడు పంచదార వేసుకోండి. అసలు పొడపత్రి అయితే తీపి తెలియదు, ఇసుక నమిలినట్టే ఉంటుంది. అరగంట, కొందరికి గంట దాకా అలాగే ఉంటుంది. తీపి తెలిసిపోయిందంటే అది వేరే తీగ. దీని పెద్ద ఉపయోగం కూడా అక్కడే ఉంది: భోజనం అయ్యాక మిఠాయి మీదకు మనసు పోయేవాళ్లు రెండాకులు నమిలితే ఆ కోరిక చచ్చిపోతుంది. రక్తంలో చక్కెర తగ్గిస్తుందని చెప్పే ప్రయోగాలు ఎక్కువగా దాని సారంతో చేసినవి, ఆకుతో కాదు. మాత్రలతో కలిసి చక్కెర మరీ పడిపోయే అవకాశం దీనికీ ఉంది.

నేరేడు గింజలు పండు తిన్నాక కడిగి, నాలుగైదు రోజులు ఎండబెట్టి, పై పొర తీసేసి, లోపలి పప్పును చిన్న ముక్కలు చేసి మళ్లీ రెండు రోజులు ఎండనివ్వాలి. లోపల చెమ్మ ఉండగా పొడి కొడితే పదిహేను రోజుల్లో బూజు పడుతుంది. అర టీ స్పూను పొడి రోజుకు ఒకటి రెండుసార్లు మజ్జిగలో. వగరు వల్ల మలబద్ధకం వస్తే తగ్గించండి. నేరేడు పండ్లు కూడా ఒక పూటకు పది దాకా ఫరవాలేదు, ఉప్పు అద్దకుండా.

దాల్చినచెక్కలో రెండు రకాలున్నాయి. కిరాణా కొట్లో ఎక్కువగా దొరికేది మందంగా, ఒకే పొరగా చుట్టుకున్న కాసియా. సిలోను చెక్క పలచగా, కాగితాల్లా పొరలు పొరలుగా ఉండి వేలితో విరుగుతుంది. కాసియాలో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, నెలల తరబడి మోతాదు మించితే కాలేయానికి దెబ్బ. రోజూ వాడదలిస్తే పావు టీ స్పూను దాటవద్దు. టీలో దాల్చిన వేసి రెండు స్పూన్ల పంచదార కూడా వేసుకుంటే ఏ లాభమూ లేదు.

దొండ గురించి 2008లో బెంగళూరు పరిశోధకులు రోజుకు ఒక గ్రాము సారం 90 రోజులిచ్చి చూస్తే చక్కెర కొంత తగ్గింది. అది మందుగా తీసిన సారం. దొండకాయ కూర తినండి, పిండి తక్కువున్న కూర కాబట్టి మంచిదే, అంతకు మించి ఆశించవద్దు. కరివేపాకును ఏరి పళ్లెం పక్కన పెట్టకుండా తినండి. ఉసిరికాయ రోజుకొకటి పచ్చిదో, ఉప్పులో వేసిందో చాలు. తేనెలో నానబెట్టింది, మురబ్బా షుగరున్నవాళ్ల కోసం కాదు.

మునగాకు విషయంలో ఒక్క సలహా: పొడి కొనకుండా ఆకు వండుకోండి. పెరట్లో కొమ్మ గుచ్చితే చెట్టవుతుంది. అర కప్పు కందిపప్పుకు రెండు కప్పుల ఆకు వేసి పప్పు వండితే అన్నం దానంతటదే తగ్గుతుంది, అసలు లాభం అదే. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు ఆకుకూరలు, ఉసిరి ఎంత తినాలో డాక్టరును అడిగి తినాలి.

తిప్పతీగ కషాయం రోజూ తాగొద్దు. దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబయి వైద్యులు బయటపెట్టారు.

పచ్చి పనస

ఫిబ్రవరి నుంచి మే దాకా కొరాపుట్, గజపతి కొండల్లో పనసకు కొదవ ఉండదు. పచ్చి పనసను మందని ఎవరూ అనరు కానీ మెంతుల తర్వాత దీన్నే చెప్పుకోవాలి. అన్నం స్థానంలో తినగలిగినంత నిండుగా ఉంటూ, అన్నం కంటే చాలా తక్కువ పిండితో, ఎక్కువ పీచుతో ఉంటుంది. సరిహద్దుకు అవతల శ్రీకాకుళంలోనే 40 మంది షుగరు రోగులతో చేసిన పరిశీలన 2021లో వెలువడింది. అన్నంలో, గోధుమలో కొంత భాగానికి బదులు రోజుకు 30 గ్రాముల పచ్చి పనస పిండి 12 వారాలు తిన్నవాళ్లలో చక్కెర తగ్గింది. పిండి అమ్మే సంస్థను పెట్టిన వ్యక్తి కూడా ఆ పత్రం రాసినవాళ్లలో ఉన్నారు కాబట్టి దాన్ని కాస్త నిదానంగా తీసుకోవాలి. అయినా మనం పిండి కొనక్కర్లేదు. గింజ గట్టిపడని కాయను పొట్టు కొట్టించి, ఆవపెట్టి కూర చేసుకుని, ఒక గరిటె అన్నం తగ్గించి ఒకటిన్నర కప్పుల కూర తినండి. పోపులో నూనె నలుగురికి నాలుగు టీ స్పూన్లు దాటకూడదు. పండిన తొనల సంగతి పూర్తిగా వేరు, రెండు మూడు మించితే మీటరే చెబుతుంది.

రాగి అంబలి, సామలు, చద్దన్నం

పళ్లెంలో పిండి ఎంతుందన్నదే చక్కెరను అన్నిటికన్నా ఎక్కువగా నడిపిస్తుంది. ఆకులు, పొడులు దాని తర్వాతే.

రాగుల్లో షుగరు ఉండదని చాలామంది నమ్ముతున్నారు. 100 గ్రాముల రాగుల్లో 65 నుంచి 70 గ్రాములు పిండిపదార్థమే. బియ్యం కంటే దాని గొప్ప పీచులో, సున్నంలో (కాల్షియంలో) ఉంది. అయితే మెత్తగా మర పట్టించి, జల్లించి, పలచటి జావ కాచి, బెల్లం కలిపి గటగటా తాగితే అన్నం కంటే వేగంగా చక్కెర ఎక్కుతుంది. మెత్తటి పిండి, పలచటి జావ రెండూ అరుగుదలను సులువు చేస్తాయి. పొలం పనికి వెళ్లేవాళ్లు మండియా జావు, అంటే రాగి జావ, సొరబుర్రలో పోసుకుని రోజంతా తాగుతారు, ఆ కష్టంలో అది కరిగిపోతుంది. కొట్టులో కూర్చుని అదే చెంబుడు తాగితే కుదరదు.

ఇద్దరికి అంబలి ఇలా కాచుకోండి. ఆరు టేబుల్ స్పూన్ల రాగి పిండి, సుమారు 60 గ్రాములు, కాస్త గరుకుగా పట్టించి జల్లించనిది. రాత్రి గ్లాసు నీళ్లలో కలిపి మూతపెట్టి పులియనివ్వండి. పొద్దున మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, మామూలుగా వేసే బియ్యపు నూక బదులు రెండు టేబుల్ స్పూన్ల సామలు వేసి పావుగంట ఉడికించండి. పులిసిన పిండిని సన్న ధారగా పోస్తూ ఇంకో చేత్తో కలుపుతూ ఉండాలి. ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది, ఉండ లోపల పచ్చి పిండి మిగిలి కడుపునొప్పి తెస్తుంది. పది నిమిషాలకు పచ్చి వాసన పోయి మెరుపు వస్తుంది. చల్లారాక కప్పు మజ్జిగ, పచ్చి ఉల్లిపాయ, పచ్చిమిర్చి. పక్కన గుప్పెడు ఉలవ గుగ్గిళ్లో ఉడకబెట్టిన గుడ్డో తప్పనిసరి. అంబలి ఒక్కటే తాగితే రెండు గంటల్లో మళ్లీ ఆకలేస్తుంది. ఇంతకంటే మంచిది రాగి రొట్టె: 40 గ్రాముల పిండిలో గుప్పెడు మునగాకు, ఉల్లి తురుము కలిపి పెనం మీద తట్టుకుంటే జావ కంటే నెమ్మదిగా అరుగుతుంది.

సామలు ఈ వైపు సువాన్ పేరుతో దొరుకుతాయి. 2017లో ఒడిశా మిల్లెట్ మిషన్ కొరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో మొదలయ్యాక రాగులు, సామలు పట్టణాల్లోనూ సులువుగా దొరుకుతున్నాయి. తెల్లగా మెరిసే సామలు కొనకండి, తవుడంతా పోయాక బియ్యానికీ వాటికీ తేడా తక్కువ. కాస్త బూడిద రంగు, గరుకు ఉన్నవి తీసుకుని, అరగంట నానబెట్టి, కప్పుకు రెండున్నర కప్పుల నీళ్లతో వండండి. మొదట అన్నంలో మూడో వంతు సామలు కలిపి రెండు వారాలు తిన్నాక సగం చేయండి. ఒకేసారి మారిస్తే ఇంట్లో ఎవరూ తినరు.

చద్దన్నం, ఇక్కడివాళ్ల పఖాళ, వేసవిలో మానమంటే ఎవరూ మానరు, మానక్కర్లేదు కూడా. ఉడికిన అన్నం చల్లారినప్పుడు అందులో పిండి కొంత అరగని రూపంలోకి మారుతుంది. ఆ మార్పు కొంచెమే. ఉడికిన అన్నం 150 గ్రాముల కప్పులో 40 గ్రాములకు పైగా పిండిపదార్థం ఉంటుంది. నీళ్లలో నానిన అన్నం కంటికి తక్కువగా కనిపిస్తుంది కాబట్టి నీళ్లు పోయకముందే కప్పుతో కొలవండి. నంజుకోవడానికి ఆలూ వేపుడు బదులు కాకర వేపుడు, ఆకుకూర, చిన్న చేపలు పెట్టుకోండి.

ఏ భోజనమైనా ముందు కూర, పప్పు సగం తిని, ఆ తర్వాతే అన్నం కలపండి. తిండి అదే, వరస మారిస్తేనే తిన్న తర్వాతి చక్కెర తగ్గుతుంది. పైసా ఖర్చు లేదు.

ఇప్పపువ్వు ఎండబెట్టినది దాదాపు కిస్‌మిస్ లాంటిదే, తీపంతా చక్కెరే. ఇప్పపువ్వు లడ్డూలు, తాటిబెల్లం, తేనె అడవివి కాబట్టి మంచివన్న లెక్క షుగరుకు వర్తించదు. ఇప్పసారా, జీలుగు కల్లు ఖాళీ కడుపున తాగి గ్లిమెపిరైడ్ వేసుకుంటే రాత్రి నిద్రలో చక్కెర పడిపోవచ్చు. అప్పుడు మత్తులో ఉన్నాడని ఇంట్లోవాళ్లు వదిలేస్తారు. అదే అసలు ప్రమాదం.

మీకు పనిచేస్తోందో లేదో మీటరుతో చూడండి

ఒకే టిఫిను, ఒకే కొలతతో మూడు రోజులు తినండి. తినేముందు ఒకసారి, మొదటి ముద్ద నుంచి లెక్కపెట్టి రెండు గంటలకు ఒకసారి చూసి రాసుకోండి. తర్వాతి మూడు రోజులు అదే టిఫినుకు ముందు మెంతులు కలపండి. మీటరు అంకెలో 15 శాతం దాకా అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 10 పాయింట్లు తగ్గితే సంబరపడవద్దు. మూడు రోజులూ 30, 40 తక్కువ కనిపిస్తే పనిచేస్తున్నట్టే. ఒకేసారి మూడు పొడులు మొదలుపెడితే ఏది పనిచేసిందో, ఏది కడుపు చెడగొట్టిందో తెలియదు.

వేలు గుచ్చేముందు సబ్బుతో చేతులు కడిగి తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే అంకె అమాంతం పెరిగిపోతుంది. స్ట్రిప్పుల డబ్బా మూత వానాకాలంలో నిమిషం కూడా తెరిచి ఉంచవద్దు. చాలామంది పెద్దవాళ్లకు పరగడుపున 80 నుంచి 130, తిన్న రెండు గంటలకు 180 లోపు లక్ష్యం. వయసు మళ్లినవాళ్లకు డాక్టరు కాస్త సడలిస్తారు.

మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష మన జిల్లాల్లో కొందరి విషయంలో తప్పుతుంది. సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్నవాళ్లలో ఎర్ర రక్తకణాలు త్వరగా నశిస్తాయి, అందువల్ల అంకె ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. మీటరులో 220లు కనిపిస్తూ రిపోర్టులో 6 వస్తే రిపోర్టును నమ్మి కూర్చోకండి, సికిల్ సెల్ పరీక్ష చేయించుకుని రెండు మూడు వారాల సగటు చెప్పే ఫ్రక్టోసమిన్ పరీక్ష గురించి అడగండి. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టాక గిరిజన ప్రాంతాల్లో ఆ పరీక్ష చేస్తున్నారు. షుగరు మాత్రల ఖర్చు భారమైనవాళ్లు ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిరామయ పథకం కింద ఇచ్చే ఉచిత మందుల గురించి అడగండి. పొడులకు డబ్బు పోసి మాత్రలు ఎగ్గొట్టడం అన్నిటికన్నా పెద్ద నష్టం.

చక్కెర పడిపోతే

చెమటలు, చేతి వణుకు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, మాట తడబడటం. మీటరు దగ్గరుంటే చూడండి, లేకపోతే చూడకుండానే మొదలుపెట్టండి. మూడు టీ స్పూన్ల పంచదార, అంటే సుమారు 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంట తర్వాత మళ్లీ చూసి 70 దాటకపోతే మళ్లీ అంతే. ఆ తర్వాత అన్నమో రొట్టెనో తినాలి, లేకపోతే గంటలో మళ్లీ పడుతుంది. పాలు, చాక్లెట్టు ఇందుకు నెమ్మది.

వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవాళ్లకు పంచదార వేగంగా పనిచేయదు, ఆ మందు పంచదార అరుగుదలనే అడ్డుకుంటుంది. వాళ్ల ఇంట్లో మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడి పొట్లం ఎప్పుడూ ఉండాలి. పొడపత్రి నమిలినవాళ్లకు తీపి తెలియదు, తెలియకపోయినా మింగించాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏమీ పోయకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

కొనేటప్పుడు, దాచేటప్పుడు

షుగరు పూర్తిగా పోతుంది, మాత్రలు మానేయొచ్చు అని రాసిన డబ్బా ఏదైనా కొనవద్దు. ఇలాంటి కొన్ని పొడుల్లో పేరు చెప్పకుండా అల్లోపతి షుగరు మందు కలిపినట్టు, సీసం లాంటి లోహాలు ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. పొడి మొదలుపెట్టిన రెండు రోజుల్లోనే చక్కెర 100 పాయింట్లు దిగిందంటే అది మూలిక మహిమ అనుకోకండి, డబ్బా పట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

గింజలు గింజలుగానే కొని, నెలకు సరిపడా మాత్రమే పొడి కొట్టుకోండి. గాజు సీసాలో పోసి, పొడి కొట్టిన తేదీ చీటీ అంటించండి. స్పూను తడి ఉండకూడదు. జూలై నుంచి సెప్టెంబరు దాకా కొండల మీద గాలిలోనే చెమ్మ ఉంటుంది కాబట్టి ఆ మూడు నెలలు పదిహేను రోజులకు సరిపడానే చేసుకుని, ఉండ కట్టినా, ముక్క వాసన వచ్చినా పారేసి కొత్తది కొట్టుకోండి.